సువార్త కొరకైనను అబద్ధము చెల్లునా?

ధ్యాన భాగములు: యోబు 13:7, 1 కొరింథీ 15:15, ఎఫెసీ 4:15, 25



వెయ్యి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమని మన పెద్దల సామెత యొకటి కలదు. కోలారులో నున్నను, షోలాపూరులో నున్నను, బరంపురములో నున్నను, తాతల కాలమున ఊరు విడిచి వచ్చిన తెలుగు కుటుంబములు ఈ సామెతను మాత్రము మరువలేదు. మంచి పని జరుగుట ముఖ్యము గాని, దాని కొరకు చెప్పిన మాట నిజమా కాదా అని తర్కించుట యెందుకు అనునది దాని భావము. ఈ సామెతను నమ్మి కట్టిన కాపురములు కొన్ని ఎట్లు కూలినవో అనుభవజ్ఞులకు తెలియును.

అయితే ఇప్పుడు మేము అడుగదలచిన ప్రశ్న పెండ్లిని గూర్చినది కాదు. ఒక ఆత్మ రక్షింపబడుటకు, సంఘము బలపడుటకు, ఒక యౌవనస్థుడు చెడు త్రోవ విడుచుటకు చిన్న అబద్ధము ఉపయోగపడు నెడల దానిని చెప్పవచ్చునా? స్వలాభము కొరకు ఆడు అబద్ధమును అందరును ఖండింతురు. దానికి వ్యాసము అవసరము లేదు. దేవుని పనికి మేలు కోరి ఆడు అబద్ధమే కష్టమైన ప్రశ్న. ఏలయనగా దానిని ఆడువాడు దొంగ కాడు. చాలమారు అతడు భక్తిపరుడు, ఉత్సాహవంతుడు, సంఘము కొరకు కష్టపడువాడు.

వాక్యము ఏమి బోధించుచున్నది?

యోబు స్నేహితులను తలంచుడి. వారు దేవుని నిందించుటకు రాలేదు. దేవుని సమర్థించుటకే వచ్చిరి. దేవుడు న్యాయవంతుడు గనుక యోబు ఏదో రహస్య పాపము చేసియుండవలెనని వాదించిరి. దేవుని గౌరవము నిలుపుటకై తమకు తెలియని సంగతిని తెలిసినట్లు పలికిరి. దేవుని తరపున మోసపు మాటలాడుదురా అని యోబు వారిని నిలదీసెను. చివరకు దేవుడే మాటలాడినప్పుడు ఆయన కోపము తన్ను సమర్థించిన ఆ స్నేహితులమీదనే రగిలెను (యోబు 42:7). తన్ను కాపాడుటకు దేవునికి మన అబద్ధము అక్కరలేదు.

పౌలు కొరింథీయులకు పునరుత్థానమును గూర్చి వ్రాసినప్పుడు ఇంతకంటె స్పష్టముగా మాటలాడెను. క్రీస్తు లేవకపోయినను ఈ బోధ వలన మనుష్యులు బాగుపడుచున్నారు గదా అని అతడు సరిపెట్టుకొనలేదు. క్రీస్తు లేవని యెడల తాము దేవుని విషయమై అబద్ధ సాక్షులమగుదుమని ఒప్పుకొనెను. బోధ వలన కలుగు ప్రయోజనము ఎంత గొప్పదైనను, అది సత్యము కానిచో దానిని విడిచిపెట్టుటకు అపొస్తలుడు సిద్ధముగా నుండెను. మన విశ్వాసమునకు ఇదియే పునాది.

సాక్షి అను మాట న్యాయస్థానపు మాట. ధర్మశాస్త్రములో ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపడెను. అబద్ధ సాక్షి తన సహోదరునికి చేయదలచిన కీడు అతనికే చేయవలెనని ఆజ్ఞ యుండెను (ద్వితీ 19:15-19). సాక్షి పని వ్యాజ్యము గెలిపించుట కాదు, అది వకీలు పని. సాక్షి తాను చూచినది చెప్పవలెను, చూడనిది చెప్పరాదు. ప్రభువు మనలను తనకు సాక్షులుగా పిలిచెను గాని వకీళ్లుగా పిలువలేదు (అపొ. 1:8). ఈ భేదమును మరచినప్పుడే మన నోట కొండంతలు గోరంతలగుట, గోరంతలు కొండంతలగుట జరుగుచున్నది.

హెబ్రీ భాషలో సత్యమునకు వాడు 'ఎమెత్' అను మాటయు, మనము ప్రార్థన చివర పలుకు 'ఆమేన్' అను మాటయు ఒకే ధాతువు నుండి పుట్టినవి. స్థిరముగా నిలుచునది, ఆనుకొనదగినది అని దాని భావము. గోడకు ఆనుకొనినవాడు ఆ గోడ నిలుచునని నమ్మును. బోధకుని మాటకు ఆనుకొనిన విశ్వాసియు అట్లే నమ్మును.

అగస్టీను వాదము

ఈ ప్రశ్న నేటిది కాదు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణమునకు బిషప్పుగా నుండిన అగస్టీను సుమారు 395లో అబద్ధమును గూర్చి ఒక గ్రంథమును, సుమారు 420లో దానికి విరోధముగా మరియొక గ్రంథమును వ్రాసెను. స్పెయిను దేశమున ఒక దుర్బోధను అనుసరించువారు తమ మతమును దాచుకొని సంఘములో కలిసియుండిరి. వారిని పట్టుకొనుటకై విశ్వాసులు తామును ఆ దుర్బోధకు చెందినవారమని నటించవచ్చునా అని ఆయనను అడిగిరి. కూడదని అగస్టీను ఉత్తరమిచ్చెను. అబద్ధమును అబద్ధముతో పట్టుట ఎట్లు సాధ్యమని ఆయన వాదము.

మొదటి గ్రంథములో ఆయన అబద్ధములను ఎనిమిది విధములుగా విభజించెను. వాటిలో అన్నిటికంటె ఘోరమైనదిగా మొదట నిలిపినది ధనము కొరకు ఆడునది కాదు, పగతో ఆడునది కాదు; మతబోధలో ఆడు అబద్ధము. దీనికి కారణము తేటగా నున్నది. మేలు కొరకు బోధకుడు ఒకచోట అబద్ధమాడవచ్చునని ఒప్పుకొనిన యెడల, అతడు చెప్పు ఏ మాట ఆ విధమైనదో, ఏ మాట నిజమో వినువానికి ఎట్లు తెలియును? ఒక్క నాణెము నకిలీదని తెలిసిన సంచిలో ప్రతి నాణెమును గీచి చూడవలసి వచ్చును.

ఇక్కడ కొందరు న్యాయమైన ఆక్షేపణ చేయుదురు. ఐగుప్తులోని హెబ్రీ మంత్రసానులు ఫరోతో నిజము చెప్పలేదు గదా (నిర్గమ 1:15-21)? రాహాబు వేగులవారిని దాచి రాజు మనుష్యులను తప్పు త్రోవ పట్టించెను గదా (యెహోషువ 2)? వారిని దేవుడు ఆశీర్వదించెను గదా? దేవుడు ప్రతిఫలమిచ్చినది వారి కనికరమునకే గాని అబద్ధమునకు కాదని అగస్టీను చెప్పెను. అమాయకుని ప్రాణము కాపాడుటకు చెప్పినదానిని పాపమని లెక్కింపరాదని తలంచిన భక్తులును సంఘ చరిత్రలో కలరు. ఈ భేదాభిప్రాయము నేటికిని తీరలేదు. దానిని ఈ పుటలో తీర్చుదుమని మేము అనుకొనుట లేదు. అయితే ఒక సంగతి గమనింపుడి. మంత్రసానుల యెదుట ఖడ్గము పట్టిన రాజుండెను. మన ప్రసంగవేదిక యెదుట నున్నవారు మనలను నమ్మి కూర్చుండిన సంఘస్థులు. పసిబిడ్డలను కాపాడుటకు చెప్పిన మాటను చూపించి, సభను కదిలించుటకు చెప్పిన మాటను సమర్థించుకొనుట సరికాదు.

మౌనము వేరు, అబద్ధము వేరు. తెలిసినదంతయు అందరికి చెప్పవలెనని ఎవరును ఆజ్ఞాపించలేదు. ఒకరు కాపరితో ఏకాంతముగా ఒప్పుకొనిన సంగతిని దాచుట సత్యమునకు విరోధము కాదు. లేనిదానిని ఉన్నదనుటయు, వినువాడు తప్పుగా గ్రహింపవలెననియే మాటను మలచుటయు సత్యమునకు విరోధము.

వేదికపై కట్టుకథలు

ఉదాహరణకు రెండు కథలను చూతము. పరిణామ సిద్ధాంతమును ప్రకటించిన చార్లెస్ డార్విన్ చివరి దినములలో బైబిలు చదువుచు, తన సిద్ధాంతమునకు చింతించెనని ఒక కథ కలదు. ఈ కథ 1915లో అమెరికాలోని 'వాచ్‌మన్ ఎగ్జామినర్' అను పత్రికలో అచ్చయినది. అది బాప్టిస్టు పత్రిక గనుక మనము ఈ సంగతిని మరి జాగ్రత్తగా గమనింపవలెను. డార్విన్ 1882 ఏప్రిల్ 19న మరణించెను. తండ్రి మరణ సమయమున దగ్గరనుండిన కుమార్తె హెన్రియెట్టా, ఆ కథ చెప్పిన లేడీ హోప్ తన తండ్రి జబ్బుగా నున్న కాలములో అక్కడికి రానేలేదని, అట్టి మార్పు జరుగలేదని 1922లో బహిరంగముగా వ్రాసెను. అయినను ఆ కథ ఆగలేదు. వినుటకు మనకు ఇంపుగా నున్న కథకు కాళ్లు ఎక్కువ.

రెండవది, యెహోషువ కాలమున సూర్యుడు నిలిచిన దినమును అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసావారి కంప్యూటర్లు కనుగొనెననునది. 1970 ప్రాంతములో ఇది లోకమంతట ప్రాకెను. అట్టి పని జరుగలేదని నాసావారు చెప్పిరి. నిజమునకు ఈ లెక్క కంప్యూటర్ల కాలపుది కాదు. హ్యారీ రిమ్మర్ అను అమెరికా ప్రసంగీకుడు 1936లో ప్రచురించిన పుస్తకములోనే ఈ కథ యున్నది. పైగా, నేటి గ్రహస్థితుల నుండి వెనుకకు లెక్క కట్టు యంత్రము తప్పిపోయిన దినమును కనుగొనజాలదు. ఆ దినమునకు ముందు సూర్యుడు ఎక్కడ నుండెనో వేరుగా వ్రాసియుంచినవారు ఉండిన గదా రెంటిని పోల్చుట సాధ్యమగును.

యెహోషువ గ్రంథము 10వ అధ్యాయమును నమ్ముటకు మనకు ఈ కథ కావలెనా? దేవుని వాక్యమునకు కట్టుకథను ఊతకర్రగా పెట్టినవాడు, ఆ కర్ర విరిగిన దినమున వాక్యమే పడిపోయినట్లు పిల్లల కన్నులకు చూపించుచున్నాడు. నేడు మన కుమారులు, కుమార్తెలు బెంగళూరు, పూనా, చెన్నై నగరములలో చదువుకొని ఉద్యోగములు చేయుచున్నారు. ప్రసంగము ముగియకముందే చేతిలోని ఫోనులో ఆ కథ నిజానిజములు చూడగలరు. కథ బూటకమని తెలిసినప్పుడు వారు పైకి ఏమియు అనరు. ఖాళీ సమాధి సంగతియు ఇట్టిదేనేమో అని లోలోపల అనుకొందురు. అట్లు సంఘమునకు దూరమైన యౌవనస్థుని తిరిగి పిలుచుట ఎంత కష్టమో కాపరులకు తెలియును.

గుండ్లకమ్మ యొడ్డున

మన సంఘ చరిత్రలోనే ఇందుకు విరోధమైన గొప్ప మాదిరి యున్నది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని ఘోరమైన కరవు పీడించెను. ఒంగోలులోని మిషనరీ జాన్ క్లౌ దొర యౌవనమున అమెరికాలో సర్వేయరుగా పని చేసినవాడు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. బోధకులు కూలివారి మధ్య నుండి వాక్యము చెప్పిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి.

ఇక్కడ క్లౌ దొర చేసిన నిర్ణయమును మన పిల్లలకు నేర్పవలెను. కరవు సహాయము జరుగుచున్న కాలమున, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మములు ఇయ్యలేదు. కూలికొరకును గింజలకొరకును నమ్మితిమనువాడు ఎవడో, ప్రభువును నమ్మినవాడు ఎవడో ఆ సమయమున తెలియుట కష్టము. సహాయపు పనులు ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేనప్పుడు కూడ జనులు వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు తీసికొని ఆ పని చేసిరి.

ఆ నిర్ణయము సులభమైనది కాదు. కరవులోనే బాప్తిస్మములిచ్చిన యెడల స్వదేశపు సంఘములకు పంపు నివేదికలో సంఖ్యలు ముందుగనే మెరిసియుండును. అయితే ఆకలిగొన్నవాని నోట వచ్చిన ఒప్పుకోలును వానికే విరోధముగా వాడుకొనుటకు ఆయనకు మనసొప్పలేదు. సత్యము పలుకుడని చెప్పుట మాత్రము చాలదు. ఎదుటివాడు భయము గాని ఆశ గాని లేకుండ సత్యము పలుకగలుగునట్లు చోటు కల్పించుటయు బోధకుని బాధ్యత. బీదలు గింజల కొరకు మతము మారిరని ఎవరైన నిందించినప్పుడు మన పక్షమున నిలుచునది ఆ నిరీక్షణ కాలమే గదా!

నష్టమును దాచకుండుట

నాడు విశ్వాసమును ఒప్పుకొనుటలో లాభపు ఆశ యుండెను. నేడు మన కుటుంబములు అనేకమునకు ఒప్పుకొనుటలో నష్టమున్నది. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మము పొందినంతమాత్రమున పొరుగువారు దళితుని వేరు విధముగా చూచుట లేదు. అంటరానితనము గుడి ద్వారము వద్దనే కాదు, బావి వద్దను అద్దె యింటి వద్దను ఉన్నది. అయినను సర్టిఫికెట్టు వద్ద మాత్రము అతడు వేరైపోయెను. అందువలన రిజిస్టరులో ఒక పేరు, కాలేజీలో ఒక పేరు గల పిల్లలు మన మధ్య పెరిగిరి.

ఈ సంగతి వ్రాయుట కష్టము గాని, సత్యమును గూర్చి వ్రాయుచు దీనిని దాటిపోవుట న్యాయము కాదు. బిడ్డ చదువు కొరకు ఒక కాగితముపై సంతకము చేసిన బీద తండ్రిమీద రాయి వేయుటకు మేము సిద్ధముగా లేము. నిజము చెప్పినవానినే శిక్షించు నిబంధనలోని అన్యాయము ఆ తండ్రి సంతకము కంటె పెద్దది. దానిని మార్చవలెనని బహిరంగముగా, చట్టబద్ధముగా అడుగుట మన హక్కు, మన బాధ్యత.

అయినను సంఘముగా మనము చేయరాని పనులు కొన్ని కలవు. అది అబద్ధమే కాదని బోధింపరాదు. ఒకరి కొరకు బాప్తిస్మపు రిజిస్టరును దిద్దరాదు. బాప్తిస్మము పొందినవాడు పొందలేదని సంఘపు కాగితముమీద వ్రాసి యియ్యరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, బాప్తిస్మము కోరి వచ్చిన యౌవనస్థునికి దీని వలన కలుగు నష్టమును దాచరాదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువే చెప్పెను (లూకా 14:28). క్లౌ దొర లాభమును ఎరగా చూపుటకు ఒప్పుకొనలేదు. మనము నష్టమును తెరచాటున పెట్టుటకు ఒప్పుకొనరాదు. అంతా తెలిసి వచ్చినవాడు పదిమందిలో ఒక్కడైనను, వాని ఆమేన్ స్థిరముగా నుండును. తెలిసికొని కొంతకాలము ఆగుదుననువానిని సంఘము త్రోసివేయక, ప్రేమతో తన మధ్య నుంచుకొనవలెను.

సాక్ష్యములు, స్వస్థతలు, ఉత్తరములు

అననీయ చేసిన పాపమేమి? పొలము అతనిది, అమ్మిన సొమ్మును అతనిదే. కొంత దాచుకొనుట నేరము కాదు. కొంతయే తెచ్చి అంతయు తెచ్చినట్లు కనుపరచుట నేరము (అపొ. 5:1-4). మన సాక్ష్యములలోను ఇట్టిది జరుగవచ్చును. రక్షణకు ముందరి పాపములను పెంచి, తరువాతి జయములను పెంచి, నడుమనున్న ఓటములను విడిచిపెట్టిన సాక్ష్యము వినసొంపుగా నుండును గాని వినువానికి హాని చేయును. తన జీవితము అట్లు లేదని అతడు నిరాశపడును. పౌలు తన్ను చూచినదానికంటెను, తనవలన వినినదానికంటెను ఎవరును తన్ను ఎక్కువగా ఎంచకుండునట్లు అతిశయపడుట మానుకొనెను (2 కొరింథీ 12:6).

స్వస్థతల విషయములో మరి ఎక్కువ జాగ్రత్త కావలెను. ప్రభువు స్వస్థపరచునని మనము నమ్ముచున్నాము. అయితే అదే పౌలు త్రోఫిమును రోగియై యుండగా మిలేతులో విడిచి వచ్చితినని దాచకుండ వ్రాసెను (2 తిమోతి 4:20). తన శరీరములోని ముల్లు తొలగలేదనియు వ్రాసెను. వైద్యుడు పరీక్షింపకమునుపే చక్కెర వ్యాధి పోయెనని, క్షయ తగ్గెనని వేదికపై చెప్పించుట వలన రోగి మందులు మానిన యెడల ఆ ప్రాణమునకు ఎవరు ఉత్తరవాదులు? స్వస్థత నిజమైనచో పరీక్ష దానికి శత్రువు కాదు. ప్రభువు తాను బాగుచేసిన కుష్ఠరోగిని యాజకునికి కనుపరచుకొనుమని పంపెను గదా (మత్తయి 8:4)!

లూకా వ్రాసిన రీతిని చూడుడి. మేడగదిలో కూడినవారు ఇంచుమించు 120 మంది యనియు, పెంతెకొస్తు దినమున చేర్చబడినవారు ఇంచుమించు మూడు వేలమంది యనియు వ్రాసెను. సరిగా తెలియనిచోట 'ఇంచుమించు' అనుటకు పరిశుద్ధ గ్రంథకర్త సిగ్గుపడలేదు. మన వార్షిక నివేదికలు వ్రాయు కార్యదర్శులకు ఈ చిన్న మాట గొప్ప మేలు చేయును.

వలస వచ్చిన మనకు మరియొక సంగతి ప్రత్యేకముగా వర్తించును. ఒక ఊరి సంఘము నుండి మరియొక ఊరి సంఘమునకు సభ్యత్వ బదిలీ ఉత్తరము తెచ్చుకొనుట మన ఆచారము. క్రొత్త ఊరిలో ఆ కాగితము తప్ప ఆ మనుష్యుని ఎరిగినవారు ఉండరు. తగవులమారి తొలగిపోయిన చాలునని మంచి ఉత్తరము వ్రాసి పంపుటయు, డబ్బు లెక్క చెప్పని కోశాధికారిని నమ్మకస్థుడని వ్రాసి పంపుటయు పొరుగు సంఘము నెత్తిన భారము మోపుటయే. అట్లే, గిట్టనివానికి ఉత్తరము ఇయ్యక త్రిప్పుటయు సత్యము కాదు.

ప్రేమగల సత్యము

చివరగా ఒక హెచ్చరిక. యథార్థవాది లోకవిరోధి అను సామెతను పట్టుకొని, కఠినముగా మాటలాడుటయే సత్యమని తలంచువారు కలరు. పొరుగువాని తప్పును పదిమందిలో పెట్టి, 'నేను నిజమే చెప్పితిని' అనుకొందురు. పౌలు ఎఫెసీ సంఘమునకు వ్రాసినప్పుడు సత్యమును ప్రేమను విడదీయలేదు. అబద్ధమును మానుటకు అతడు చూపిన కారణమును గమనింపుడి: మనము ఒకరికొకరము అవయవములమై యున్నాము (ఎఫెసీ 4:25). కన్ను కాలికి అబద్ధము చెప్పిన యెడల గుంటలో పడునది శరీరమంతయు. సత్యము చెప్పుట అవతలివానిని ఓడించుటకు కాదు, వానితో కలిసి నడచుటకే.

కాబట్టి ప్రసంగీకులను, ఆదివారపు బడి ఉపాధ్యాయులను, సంఘ కార్యదర్శులను మేము వేడుకొనునదేమనగా: మూలము తెలియని కథను, ఎంత ఇంపుగా నున్నను, వేదికపై చెప్పకుడి. వాట్సాప్‌లో వచ్చిన దానిని విచారింపక ముందుకు పంపకుడి. కల్పిత ఉపమానము చెప్పునప్పుడు అది ఉపమానమని చెప్పుడి. ప్రభువును ఉపమానములను ఉపమానములుగానే చెప్పెను. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనిచో తెలియదని చెప్పి, వెదకి వచ్చే వారము చెప్పుడి. ఆ ఒక్క మాట వలన ఆ పిల్లవాడు మీరు తెలిసి చెప్పిన మిగిలిన మాటలన్నిటిని నమ్మును.

సువార్త కొరకైనను అబద్ధము చెల్లదు. సువార్త అనగా జరిగిన మంచి సంగతిని గూర్చిన వార్త గనుక, జరుగనిదానితో దానిని మోయుట సాధ్యము కాదు. ప్రతి ఆదివారము మనము పలుకు ఆమేన్ అను మాటకు తగినట్లు మన నోటి మాటయు, మన రిజిస్టరులోని వ్రాతయు ఉండునట్లు సత్యవంతుడగు దేవుడు మన సంఘములన్నిటికి కృప దయచేయునుగాక.